సగం మందు

స్కానింగ్ గది బయట బెంచీ మీద, తెల్లకోటు విప్పకుండానే కూతురు వచ్చి తండ్రి పక్కన కూర్చుంది.

“రేపు మీ అత్తకి ఆ కాంట్రాస్ట్ మందు సగమే ఎక్కిస్తావటగా?”

“అవును నాన్నా. అత్త కిడ్నీలు అంతంతమాత్రం. రొమ్ములో గడ్డ మెరిసి కనబడడానికి సగం చాలు.”

“చాలకపోతే? మీ అమ్మకీ స్కాన్‌లో గడ్డ కనిపెట్టలేక, ఏమీ లేదని ఇంటికి పంపారు.”

“అందుకే రెండేళ్లు పరీక్షించాం. ఒక్కొక్క పేషెంటుకీ రెండుసార్లు స్కాన్ తీశాం, ఓసారి పూర్తి మందుతో, ఓసారి సగంతో. ఏది ఏదో చెప్పకుండా డాక్టర్లకి చూపించాం. ఒక్క గడ్డా తప్పిపోలేదు.”

“చూసిందెవరు?”

“ముగ్గురు. అమ్మకి ఏమీ లేదన్నాయన కూడా.”

“వాణ్ణెందుకు కూర్చోబెట్టావే?”

“కావాలనే. ఆయనకి కనబడిందంటే ఇంకెవరికైనా కనబడుతుంది.”

“కనబడిందా?”

“పెసరగింజంత గడ్డ కూడా. అదీ సగం మందు బొమ్మలో.”

తండ్రి బెంచీ మీంచి లేచాడు.

“వాణ్ణి మాత్రం నేను క్షమించను.”

“క్షమించమని నేనడిగానా?”

“పొద్దున్నే మీ అత్తని తీసుకొస్తా. భయపడితే దార్లో చెప్తాలే, ఆ కళ్లులేనోడికి కూడా కనబడేలా చేసింది నా కూతురేనని.”