సుందరలక్ష్మి చేసిన ప్రమాణం

1956లో ఒక సాయంత్రం, బద్వేలు దగ్గరి పల్లెలో, బడి మూసి ఇంటికి పోతున్న అయ్యవారిని శెట్టిగారి అవ్వ అంగడి ముందర ఆపింది.

"అయ్యవారూ, మా సుందరలక్ష్మి చేయి చాచి 'అస్పృశ్యతను పాటించను' అని ఒకటే చదువుతాండాది. అర్థం అడిగితే తెలీదంటాది. ఏందది?"

"ప్రమాణం అవ్వా. సర్కారు చెప్పమనింది, పిల్లోళ్లంతా చెప్పినారు."

"ప్రమాణమా! ఏమని?"

"నీళ్ల కాడ, కూటి కాడ అంటు పాటించనని." అయ్యవారు తిట్లకు సిద్ధపడ్డాడు. "ఉత్త చిలకపలుకులే, దిగులు పడొద్దు."

"తెలీక తొక్కితే నిప్పు కాలదా? ప్రమాణం తప్పినోళ్లు యాడన్నా బాగుపడినారా? నాకుండేది ఒక్క మనమరాలప్పా. నీ బడిలో నీళ్ల కుండలెన్ని?"

"రెండు. ఊరి పిల్లోళ్లకొకటి, హరిజనవాడ పిల్లోళ్లకొకటి."

"అంటే, దానికి దప్పికైనప్పుడల్లా నువ్వే ప్రమాణం తప్పిస్తాండావు! రేపు గంట కొట్టకముందే ఒక కుండ తీసేయ్."

అయ్యవారు నమ్మలేనట్టు చూశాడు. "నీకిష్టమేనా అవ్వా?"

"నాకేం ఇష్టం? ఈ పొద్దుకీ నా చెంబు ఎవురినీ ముట్టనియ్యను. ప్రమాణం చేసింది నేను కాదు కదా, నా మనమరాలు. పొద్దున్నే వచ్చి చూస్తా."