జంటకో నంబరు

సుభద్ర స్పెయిన్ టూర్ నుంచి ఈ వారమే వచ్చింది. ఒంటరి మనిషి. ఆర్.కె. పురం క్వార్టర్లో ఆమె ఫోటోలు చూసే దిక్కు ఎదురింటి లలితకుమారి ఒక్కతే. ఆవిడైనా తన దగ్గరున్న సుభద్ర ఇంటి తాళంచెవి ఇచ్చేసి పోదామని వచ్చి, టీకి దొరికిపోయింది.

"ఇదేంటండీ, ఇంత చిన్నగా ఉంది? చర్చేనా?"

"చర్చేనండీ. సెవిల్‌లో, ఓ సందులో. మూడొందల ఏళ్ళ నాటిదట. బయట మామూలు గోడ. లోపల కిందనుంచి పైదాకా బంగారు పూతే."

"అచ్ఛా. ఈవిడ మేరీమాతా? జరీబట్టలు కట్టారే."

"మన అమ్మవారికి మల్లేనే. బట్టలు మార్చడానికి ఓ ముసలావిడ ఉంది. మగవాళ్ళని బయటికి పంపేసి మారుస్తారట."

"మీ గ్రూపువాళ్ళు ఒక్కరూ లేరే ఫోటోలో."

"వెళ్ళిపోయారు."

"ఎక్కడికి?"

"హోటల్‌కి. టీ చల్లారిపోతోంది, తాగండి."

"మిమ్మల్ని వదిలేసా?"

"జంటకో నంబరు ఇచ్చారండీ. బస్సెక్కగానే వరసగా చెప్పాలి. ఒకటి, రెండు, మూడు... పదకొండు నంబర్లూ పలికాయి, బస్సు కదిలింది."

"మరి మీ నంబరు?"

"నేను జంట కాదుగా."

"ఫోన్ చెయ్యాల్సింది."

"ఫోటోలు తీసీ తీసీ చార్జింగ్ అయిపోయింది."

"మరి వాళ్ళకెప్పుడు తెలిసింది?"

"హోటల్లో గది తాళాలు పంచుతుంటే ఒకటి మిగిలిందట. అప్పటికి రెండు గంటలు గడిచిపోయాయి. ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను. తప్పిపోయినందుక్కాదు లలితగారూ. నేను లేనన్న సంగతి ఎవరికీ తెలీనందుకు."

"అయ్యో. అంతసేపూ ఒక్కరే కూర్చున్నారా?"

"ఆ ముసలావిడ పక్కన కూర్చుంది. భాష రాదు. చెయ్యి పట్టుకుంది, అంతే. బస్సు వచ్చాక నా మెడలో టూర్ వాళ్ళ కార్డు తిప్పి చూసి, పేరూ ఫోన్ నంబరూ రాసుకుంది. విమానంలా చెయ్యి ఊపి, ఇల్లు చేరావో లేదో ఫోన్ చేస్తానని సైగ చేసింది. ఊరికే అని ఉంటుంది లెండి."

"చేసిందా మరి?"

"ఆ నంబరు నాది కాదండీ. కార్డు మీద ఇంట్లోవాళ్ళది రాయమన్నారు. ఎవరిది రాయను? అడక్కుండా మీది రాసేశాను. ఏమీ అనుకోకండి."

"నా నంబరా?"

"అనుకున్నారా?"

"అది కాదండీ. నాలుగు రోజుల్నుంచీ ఏదో ఫారిన్ నంబరు. పొద్దునా సాయంత్రం. ఫ్రాడ్ కాల్ అని కట్ చేస్తూ వచ్చాను."

"ఒక్కసారైనా ఎత్తలేదా?"

"నిన్న ఎత్తాను. ముసలి గొంతు, అర్థంకాని భాష. 'సుభద్రా? సుభద్రా?' అని ఒకటే అడగడం. మీ పేరు కూడా కనిపెట్టేశారు దొంగవెధవలు అనుకుని... బ్లాక్ చేసేశానండీ."