చెవికి పన్నెండు గింజలు

పంతొమ్మిది వందల డెబ్బై నాలుగు, పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీ దవాఖానా వరండా. లోపల కొత్త డాక్టరు కార్మికుల చెవులు పరీక్షిస్తున్నాడు, ప్యూను కిష్టప్ప తెర వెనకనుంచే పేర్లు పిలుస్తున్నాడు. బయట బల్ల మీద, రోజంతా చెవులు చిల్లులు పడేలా ఇనుము కొట్టే హామర్ షాపు త్రినాథరావు, అదే షాపు లింగం, ఇద్దరి మధ్యా గుప్పెడు చింతగింజలు, నాలుగు గవ్వలు.

"చెవికి పన్నెండు గింజలా? పిస లేసిందా ఏంది రావు సాబ్? వీరుని గుణాలన్నిటికి కలిపి ఉన్నయే ఇరవై!"

"చింతపిక్కలు అనవయ్యా లింగం. పిక్కలు నువ్వు పట్టుకో, చింత నాకొదిలెయ్."

"మా దిక్కు గింజలే అంటరు. నిన్న నా పహిల్వాన్‌కు బలం పదిహేను పెట్టిన. ఏమాయె? నీ కథల బాయిల దూకిచ్చి సంపితివి."

"దూకించింది నేనా? గవ్వలు! నాలుగూ బోర్లా పడ్డాయి, వాడూ బోర్లా పడ్డాడు. దీని పేరేమిటి? కథాట! కథా, ఆటా కలిస్తే కథాట. నమ్మనివాళ్ళకి, కథ అట!"

"మంచిగనే ఉన్నది గని, కొత్తోన్ని జల్దీ కట్టు. ఈసారి నాకు పాటగాడు గావాలె. రూపాలు మార్చేటోడు. పులి అంటె పులి, ముసల్ది అంటె ముసల్ది. మా పటేల్‌గూడకు ఎండకాలం పగటి వేషగాళ్ళు వస్తుండిరి సూడు, అసొంటోడు."

"అచ్చం నేననుకున్నవాడే! పేరు మారుతారావు. మారుతా... రావు!"

"ఆడు గూడ రావేనా? మా వోళ్ళ పేరు ఒక్కటి పెట్టరాదు?"

"సరే, మారుతాలింగం. తృప్తేనా? వేషానికి ఎనిమిది, చెవికి పన్నెండు. అయిపోయింది, గవ్వలు తియ్యి."

"ఆగాగు. పాటగానికి గొంతు గద గావాలె! గొంతుకు పది, వేషానికి ఎనిమిది, చెవికి రెండు. ఇగో, తీస్తున్న."

"తియ్యకు, తియ్యకు! గొంతు పాడుతుంది, చెవి కాపాడుతుంది. శ్రుతి అంటే ఏమిటి? వినడమే! శ్రుతి లేని పాటగాడంటే మా మేనల్లుడి పెళ్ళి బ్యాండు. వెనక్కి పెట్టు."

"మరి బలం?"

"సున్నా. బలముంటే తీసుకెళ్ళి హామర్ షాపులో వేస్తారు."

"అది నిజమే. ఇంతకు ఏం పని జేస్తడు ఈడు?"

"కోటలో దూరతాడు. ఆ కోటలో ఒక మాంత్రికుడు, తెల్లకోటు వేసుకుని..."

"కోటల కోటా?"

"కోటలో కోటే! ఎవరొచ్చినా గోడకేసి తిరిగి నిలబడమంటాడు. ఆరడుగుల వెనకనించి గుసగుసగా ఒక అంకె చెబుతాడు. ఆ అంకె తిరిగి చెప్పినవాడు కోటలో ఉంటాడు. చెప్పలేనివాడు కోట బయట."

"రావు సాబ్."

"ఊఁ."

"మాంత్రికుడు అంటె డాక్టర్ గాదు గద?"

"ఆటలో డాక్టరెందుకుంటాడయ్యా!"

"మరి లోటు? ప్రతి వీరునికి ఒక లోటుండాలె అంటవ్ గద. నీ కానూనే అది."

"వీడి లోటా... వీడికొక స్నేహితుడున్నాడు. అదే లోటు. ఆ స్నేహితుడికి ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడి చెవి పోతూ పోతూ గుమ్మంలో నిలబడి చెప్పులు వెతుక్కుంటోంది. కూతురు పదో తరగతి. ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది. వెనక్కెళ్దామంటే గోదావరి పక్కన అరెకరం అమ్ముకునే ఇక్కడికొచ్చాడు. అందుకని మన వేషగాడు ఆ స్నేహితుడి రూపం కట్టి, వాడి పేరుతో లోపలికెళ్ళి..."

"అంకె ఇని చెప్పొస్తడు."

"ఐదు నిమిషాల పని! కొత్త డాక్టరు, మొహాలు తెలీవు. కార్డు మీద ఫోటో కూడా లేదు లింగం, పేరూ నంబరే. నీ పరీక్ష ఎలాగూ వచ్చే నెల కదా. అప్పటికి ఇంకో డాక్టరొస్తాడట."

"నీకు ఇనవడదని నాకు రెండేండ్ల సంది ఎర్క."

"ఎలా తెలుసు?"

"నువ్వు మనిషి మూతి సూస్కుంట ఇంటవు. అప్పట్ల ఫోర్మన్ 'ప్లేటు తే' అంటె, 'లేటు కాదండీ, ముందే వచ్చా' అంటివి. అందరు పొట్ట పట్టుకొని నవ్విరి."

"అది శ్లేష!"

"అది చెవుడు, రావు సాబ్."

"శ్లేషనుకున్నన్నాళ్ళూ జీతమిచ్చారు కదయ్యా! వెళ్తావా లింగం? ఒక్క మాట చెప్పు. కావాలంటే కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళు ఒద్దు. గింజలు తియ్యి."

"ఏ గింజలు?"

"చెవి మీదియి. పన్నెండుకు పన్నెండు తియ్యి. ఈ పాటగానికి చెవి సున్న."

"ఇష్టం లేకపోతే లేదని చెప్పు. పిక్కల మీద పెట్టి చెప్పకు."

"నా పరీక్ష వచ్చే నెల గాదు. తారీకు మార్చిండ్రు. ఇయాల్నే ఉండె. పొద్దుగాల ఎనిమిది గొట్టంగ వచ్చి ఈ బల్ల మీదనే కూసున్న. పదయింది, ఎవ్వరు పిలుస్తలేరు. నేనే తెర ఎత్తి అడిగిన. మూడుసార్లు పిలిచిండ్రంట."

"పిలిస్తే పలక్కపోయావా?"

"త్రినాథరావు! హామర్ షాపు త్రినాథరావు!"

"పిలిచిండ్రంట అంటున్న గద. నాకు ఇనవడలే. మూడు పిలుపులకు రానోనికి పరీక్షే అక్కెర లేదన్నరు. అన్‌ఫిట్ అని ముద్ర గొట్టి కాయితం చేతుల పెట్టిండ్రు. ఇగో, జేబులున్నది."

"అన్‌ఫిట్టా? ఫిట్టరుగా తీసుకుని, అన్‌ఫిట్... అబ్బ. నవ్వు రావట్లేదయ్యా."

"నాకు గూడ."

"త్రినాథరావు! ఎక్కడున్నవయ్యా, జల్దీ రా!"

"మరి ఆరు నెలలుగా ఈ ఆట నాతో ఎలా ఆడావు? నా మాటకి అందరికంటే ముందు నవ్వేది నువ్వే కదా!"

"నువ్వు ఒర్లుతవ్ గద, రావు సాబ్. నీకు ఇనవడదని లోకానికంత ఇనవడేటట్టు ఒర్లుతవ్. ఈ ఫ్యాక్టరీల నా చెవుల వడే మాట నీదొక్కటే. గందుకే నీ పక్కన కూసుంటున్న. కథ కోసం గాదు."

"ఆఖరుసారి! త్రినాథరావు!"

"అయితే... వీణ్ణి మళ్ళీ కడదామా?"

"కట్టు. గొంతుకు ఇరవై పెట్టు. తక్కినియన్ని సున్న."

"ఇరవై! విన్నావా? ఇరవై!"

"రాలే సార్, కొట్టెయ్యుండ్రి. బయట ఎవరో ఇద్దరు బల్ల మీద కూసొని గొంతులు పగిలేటట్టు ఒర్లుతున్నరు గని, త్రినాథరావు మాత్రం రాలే."