ఐదు దినాలు

మదనపల్లెలో లేడీ డాక్టరు రూప గది. కడుపుతో ఉన్న కోడలు తేజస్విని స్కానింగుకు వెళ్లింది. అత్త మారెమ్మ మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"ఎన్ని దినాలు బతుకుతాయని అడుగుతాండాను మేడమ్."

"ఏవి పెద్దమ్మా?"

"అవే. మగోళ్లవి. లోపలికి పోయినాక."

"నీ కోడలికి అంతా బాగుంటుందిలే. బయట కూర్చో."

"కూర్చుంటా. ఎన్ని దినాలు?"

"చాలామటుకు గంటల్లోనే చచ్చిపోతాయి. లోపలుండే పులుపుకు తట్టుకోలేవు."

"గంటలేనా."

"అన్నీ కాదు. అండం విడుదలయ్యే ముందు గర్భసంచి మూతి దగ్గర జిగురు పల్చనవుతుంది. దాంట్లో దూరినవి బతుకుతాయి. పైకి పోయి ట్యూబు గోడకు అతుక్కుని కాచుకోనుంటాయి."

"ఊరికే కాచుకోనుంటాయా?"

"పోయిన వెంటనే అండంలో దూరే శక్తి వాటికి ఉండదు. అది కూడా లోపలే వస్తుంది."

"అంటే ఆడదాని ఒళ్లే వాటిని సాకుతాది."

"అట్లనే అనుకో."

"ఎన్ని దినాలు సాకుతాది?"

"మూడు. ఒక్కోసారి ఐదు."

"ఐదు."

"నీ కొడుకు బెంగళూరులో కదా పని?"

"అవును. వారానికో తూరి వస్తాడు."

"అర్థమైంది. చూడు పెద్దమ్మా, కోడలి మీద అనుమానం పెట్టుకుని నా దగ్గర లెక్కలేయొద్దు."

"తేజస్విని మీద నాకేం అనుమానం మేడమ్. ఆ పిల్ల మాటెందుకు ఎత్తుతావు?"

"మరెవరి సంగతి?"

"మొగుడు ఊరికి పోయిన నాలుగో దినం అండం వచ్చిందనుకో. బిడ్డ నిలుస్తాదా?"

"నిలవచ్చు."

"మొగుడి బిడ్డే కదా?"

"మొగుడి బిడ్డే. దాంట్లో వింతేముంది?"

"మా కాలంలో నర్సమ్మ వేరే మాదిరి చెప్పింది."

"ఎప్పుడు?"

"మా శివకుమార్ కడుపులో పడినప్పుడు. ముట్టుకూ ముట్టుకూ నడుమనే నిలిచింటాది, ఆ దినం మొగుడు ఇంట్లో ఉండాల్సిందేనని మా అత్తతో అనింది. అప్పటికి నా మొగుడు కుప్పంలో లారీ ఎక్కి పోయి నాలుగు దినాలు. నెల దాటినాకనే మళ్లా ఇంటికొచ్చింది."

"ఆయన ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. కొట్టలేదు, తిట్టలేదు. శివకుమార్‌ను ఎత్తుకోలేదు, అంతే. ఇప్పటికీ 'నీ కొడుకు' అంటాడు."

"నువ్వు చెప్పలేదా?"

"నీ బిడ్డేనని చెప్పినా. నాలుగు దినాలు ఎట్లా అంటే ఏం చెప్పేది? నాకే తెలీదు."

"ఆయన ఇప్పుడు యాడున్నాడు?"

"ఈడనే, బయట బెంచీ మీద. కోడలికి తోడని చెప్పి పిల్చుకొచ్చినా."

"నేను మాట్లాడేదా?"

"పిలుస్తా. ఇప్పుడు నాకు చెప్పిందే చెప్పు తల్లీ. నేనడిగినానని అనొద్దు. పుట్టబోయే బిడ్డనన్నా ఎత్తుకోనీ."