మూత లేని గిన్నె

అక్క కూతురు చిన్నదాని పుట్టినరోజుకని హాల్లో చాక్లెట్ ఫౌంటెన్ బిగిస్తున్న తమ్ముడికి, అక్క వంటింట్లోంచి తెచ్చిన గిన్నె చూడగానే ఒళ్ళు మండింది. కరిగించిన చాక్లెట్ అంతా మట్టిముద్దలా గడ్డకట్టింది.

"చుక్క నీళ్ళు తగిలినా పాడవుతుందని చిలక్కి చెప్పినట్టు చెప్పానుగా!"

"గిన్నె పొడిగుడ్డతో తుడిచే పోశాన్రా."

"మరి మధ్యలో ఈ వేలి గుంట ఎవరిది? చిన్నదానిదేనా?"

"అది వాళ్ళ నాన్నతో బెలూన్లు కొనడానికి వెళ్ళింది. ఇంట్లో ఉన్నది మనిద్దరమే."

అతను ఆ గుంటలో తన చిటికెనవేలు పెట్టి చూశాడు. పట్టలేదు.

"పెద్దాడి సంగతి నీకు తెలియందేముంది? నేనేం వండినా ఆగలేక వేలు పెట్టేస్తాడు."

"అక్కా, ఈతకొలనులో వాణ్ణి పోగొట్టుకుని ఏడాదైంది."

"అందుకే కదరా వేలు తడి."

అతను గిన్నె అందుకుని వంటింట్లోకి నడిచాడు.

"సరే, ఇంకోసారి కరిగిద్దాం. ఈసారి మూత పెడదాం. మూతేదీ?"

"దాచేశాను. నిన్న పాలగిన్నె మీద మూత పెడితే, పాపం, వంటగట్టంతా తడిచేసి, తాగకుండానే వెళ్ళిపోయాడు."