శెనక్కాయ నూనె పోస్తే బండి కదిలింది

హనుమక్క టీ కొట్టు బెంచీ మీద కూర్చుంటే ఫకృద్దీన్ నోటికి పగ్గాలుండవు. ముదిగుబ్బ నుంచి కొత్తచెరువు నూనె మిల్లుకు దినామూ మోటారు సైకిలు మీద పోయివచ్చే ఫిట్టరు. ఆ దావలో అట్లాంటి బండి ఇంకోటి లేదు, కాబట్టి ఆయన చెప్పిందే మాట. ఎదురుగా గంగప్ప కూర్చున్నాడు. శెనక్కాయ విత్తి నెల దాటింది, ఆ తర్వాత చినుకు లేదు. ఇంకో నాలుగు రోజులు చూసి చేను గొర్రెలకు వదిలేయాల్సిందే.

"పోయిన శుక్రవారం ఏమైందంటే అన్నా, గుట్ట మలుపులో చైను పటుక్కున తెగిపాయ. ఇంకొకడైతే నెత్తిన చేతులు పెట్టుకుంటాడు. నేను మొలతాడు తెంపి ముడేస్తి. బండి గుర్రం మాదిరి లేచె!"

"మొలతాడు నిలబడిందా సాబూ?" అన్నాడు బెంచీ చివర కూర్చున్న బాలప్ప.

"మా అమ్మ పేనిన తాడప్పా అది, ఏనుగును కట్టినా తెగదు! తాడు తెగలే, పెట్రోలు అయిపాయ. ఆ తర్వాత ఏం చేసినానో తెలుసా? మిల్లులో ఇచ్చిన శెనక్కాయ నూనె డబ్బా ఉంటే ట్యాంకులోకి వంచేస్తి. కిక్కు కొడితే బండి ఒకసారి తుమ్మె, ఒకసారి త్రేన్చె, పరుగందుకునె! ఎనకాల పొగ కాదప్పా, మిరపకాయ బజ్జీల వాసన! చేలల్లో జనం పారలు పారేసి, తట్టలు పట్టుకోని పరుగో పరుగు. పెండ్లి ఊరేగింపు అడ్డమొస్తే పెండ్లికొడుకు గూడా గుర్రం దిగి నా ఎనకాలే!"

"పెండ్లికూతురో?" అన్నాడు బాలప్ప.

"ఆయమ్మ అందరికన్నా ముందరుండె! ఇదంతా ఏముందిలే. ఆ పొగ పోయి ఆకాశానికి తగిలె చూడు, బళ్ళారి పక్క పోతాండే మేఘాలు వాసన పట్టి ఇట్లా తిరిగె. నల్లగా, ఎనుముల మాదిరి, ఒకదాన్నొకటి తోసుకుంటా. నేను కుడికి తిప్పితే అవీ కుడికే, ఎడమకు తిప్పితే ఎడమకే. బండి ఆపి ఒక్క హారను కొడ్తి. కురిసె సామీ! గుంతలు నిండె, వంకలు పారె!"

టీ గ్లాసులు చేతుల్లోనే చల్లారిపోయాయి. అబద్ధమని ఎవరికీ అనబుద్ధి కాలేదు. బాలప్ప తలెత్తి ఆకాశం వైపు చూశాడు.

"మా పక్క పడలేదే," అన్నాడు గంగప్ప మెల్లగా.

"గుట్టకవతలప్పా. ఇటు తిప్పేలోగా నూనె అయిపాయ."

గంగప్ప లేచాడు. "నూనె నేను తెస్తా. బండి ఈడనే ఉండాది కదా. నా చేను చుట్టూ ఒక్కసారి తిరుగు సాబూ, నీకు దండం పెడతా."

ఎగతాళేమో అని ఫకృద్దీన్ ఆయన ముఖంలోకి చూశాడు. ఎగతాళి కాదు. బెంచీ మీది వాళ్ళంతా కూడా లేచి నిలబడ్డారు. ఫకృద్దీన్‌కు భయమేసింది.

"ఈ పొద్దు... గాలి సరిగ్గా లేదప్పా," అని గొణిగాడు.

పొయ్యి దగ్గర నుంచి హనుమక్క ఇటు తిరిగింది. "కూర్చో గంగప్పా. శుక్రవారం మిట్టమధ్యాన్నం ఈయప్ప బండి తోసుకుంటా ఈడికే వచ్చె. నాలుక పిడచగట్టి, తాగేకి గుక్కెడు నీళ్ళడిగె."

ఆమె ఫకృద్దీన్ వైపు చూసింది.

"అంత వాన కింద వచ్చినోనివి, నా కుండలో చుక్క లేదంటే ఎందుకు ఏడ్చినావు ఫకృద్దీనూ?"