ఆరు జట్లను నిలిపిన మనోరమ గారు

1991 జూలై ఎనిమిదవ తేదీన, చిక్కడపల్లిలోని మా మధ్య మండల మహిళా హాకీ సంఘం కార్యాలయంలో టైపిస్టుగా చేరిన శ్రీమతి మనోరమ గారు, ఈ నెలాఖరున కార్యదర్శిగా పదవీ విరమణ చేస్తున్నారు. వారు చేరిననాటికి మండలంలో ఉన్నవి రెండే జట్లు. ఆ రెండూ నారాయణగూడ కళాశాల విద్యార్థినులవే కావడంతో, వేసవి సెలవులు వస్తే హాకీకీ సెలవులే.

తొలి పదేళ్లలో వారు టైపు మిషను ముందు కూర్చున్నది తక్కువ, బర్కత్‌పుర, హిమాయత్‌నగర్ ఇళ్ల గడపలెక్కి తల్లులను ఒప్పించినది ఎక్కువ. ఆడపిల్ల చేతికి కర్ర ఇస్తారా అని నిలదీసిన వారింట్లోనే చాయ్ తాగి, ఆ పిల్లనే వెంటబెట్టుకుని వచ్చేవారు. 2004 నాటికి గృహిణుల జట్టుతో కలిపి మావి ఐదు జట్లయ్యాయి.

ఆరవది అశోక్‌నగర్ హాస్టళ్ల జట్టు. ఉద్యోగ పరీక్షల కోసం పల్లెలు వదిలి వచ్చిన ఈ అమ్మాయిలను సొంత జిల్లావారు చేర్చుకోరు. నగరంలో ఇంటి చిరునామా లేదు గనుక మేమూ చేర్చుకోరాదు. రెంటికీ చెడ్డ రేవడిగా మిగిలిన వారి కోసం, హాస్టల్ చిరునామానే చెల్లుబాటు చేయాలని మనోరమ గారు ప్రాంతీయ సమాఖ్యతో రెండేళ్లు పోరాడి, 2017లో నెగ్గారు. అయితే ఆదివారం ఉదయం ఆటకు వస్తే రీడింగ్ హాల్‌లో కుర్చీ పోతుంది. అందుకని మా సిబ్బందే వెళ్లి ఆ కుర్చీల్లో కూర్చునే ఆనవాయితీ వారు పెట్టారు. ఆ పుణ్యమా అని నేను రాజ్యాంగం సగం చదివాను. మిగతా సగం జోలికి పోలేదు.

గత మార్చిలో మా ప్రాణం మీదికి వచ్చింది. ఆరు జట్లూ అన్ని ఆటలూ పూర్తి చేయకుంటే మా మండలాన్ని పక్క మండలంలో కలుపుతామని సమాఖ్య తాఖీదు పంపింది. కలిపితే మా వంద మందిలో ఇరవై మందికి కూడా చోటు దక్కదు. చివరి ఆదివారం, చివరి ఆట. ఏడుగురు లేనిదే ఆట మొదలుకాదు; హాస్టళ్ల జట్టు నుంచి వచ్చినది ఆరుగురే. మేమంతా మైదానంలోనే ఉన్నాం, కుర్చీ కాపలాకు ఎవరినీ పంపలేదు. అది మా పొరపాటే. మనోరమ గారు నన్ను ఆటో ఎక్కించుకుని రీడింగ్ హాల్‌కు వెళ్లారు. గోల్‌కీపర్ స్వర్ణ పుస్తకం మీంచి తల ఎత్తలేదు.

"నాలుగు దినాలల్ల పరీక్ష ఉంది మేడం. ఇయ్యాల లేస్తే ఈ కుర్చీ పోతది."

"నేను కూసుంట బిడ్డా. నువ్వొచ్చేదాక లేవ."

స్వర్ణ నాతో ఆటో ఎక్కింది. అలా, ముప్పైమూడేళ్ల కష్టం తేలిపోయే ఆటను మనోరమ గారు చూడనే లేదు. మా అమ్మాయిలు తొమ్మిది గోల్స్ తేడాతో చిత్తుగా ఓడారు. మోకాళ్లకు మట్టితో తిరిగొచ్చిన స్వర్ణను వారు గోల్స్ సంగతి అడగలేదు.

"ఏడుగురు ఆఖరిదాక ఉన్నరా?"

"ఉన్నం మేడం."

మనోరమ గారు ఆ బల్ల మీదే తల ఆన్చి ఏడ్చారు. పక్కవారు పరీక్ష తప్పిన పెద్దావిడ అనుకుని మంచినీళ్లు ఇచ్చారు.

ఏప్రిల్‌లో సమాఖ్య నుంచి మా మండలానికి మూడేళ్ల గుర్తింపు పత్రం వచ్చింది. దాన్ని చదివాక మాకు అన్నం సహించింది. స్వర్ణ ఫలితం ఇంకా రావలసి ఉంది.

ఇన్నేళ్లూ ఆదివారం కాఫీ తానే కలుపుకున్న రమాకాంత్ గారికి ఇకనైనా భార్య తోడు దొరుకుతున్నందుకు మా అభినందనలు. మనోరమ గారికి మోకాళ్ల నొప్పులు దరిచేరకుండా, కంటినిండా నిద్ర, ఒంటినిండా ఓపిక చిరకాలం ఉండాలని మనసారా కోరుకుంటున్నాం. వచ్చే ఆదివారం పొద్దెక్కేదాకా పడుకోండి మేడం. ఆటలు మేం జరిపిస్తాం.

— రాగిణి, సహాయ కార్యదర్శి